పిలుపు దేవుడిది, ఖర్చు దళితవాడది

ఈస్టర్ కాలంలో వచ్చే నాలుగో ఆదివారాన్ని కథోలికులు మంచి కాపరి ఆదివారం అంటారు. ఆరో పౌలు పోపుగా ఉండగా, 1964 నుంచి, ఆ రోజున దైవపిలుపుల కోసం ప్రపంచమంతటా ప్రార్థనలు జరుగుతున్నాయి. గురువులు తగ్గిపోతున్నారనీ, సిస్టర్లు దొరకడం లేదనీ ప్రసంగం సాగుతుంది. చివర్లో తల్లిదండ్రులకు ఒక విన్నపం ఉంటుంది: మీ ఇంటి నుంచి ఒక బిడ్డను దేవుడికి ఇవ్వండి. గుంటూరు జిల్లాలో మా ఊరి గుళ్ళో చిన్నప్పటి నుంచీ విన్న మాట ఇది. పీహెచ్‌డీ కోసం ఢిల్లీ వచ్చాక ఇక్కడి తెలుగు పూజలోనూ ఇదే విన్నాను. బిడ్డను ఇస్తే ఆ ఇంటికి ఏం పోతుందో మాత్రం ఏ ప్రసంగంలోనూ వినలేదు. అందరికీ ఒకేలా పోదు అన్న సంగతి అసలే వినలేదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, ఎన్‌సీఆర్‌లోని మా తెలుగు కథోలిక పెద్దలు కొందరు దైవపిలుపులను ప్రోత్సహించడానికి సెర్రా క్లబ్బు తరహాలో ఒక సంఘం పెడదామంటున్నారు. పూజ అయ్యాక టీ తాగుతూ మాట్లాడుకున్నారు, సభ్యత్వ ఫారాలు కూడా పంచారు. ఆంధ్ర, తెలంగాణ నుంచి సెమినరీలో చేరే పేద కుర్రాళ్ళకు ఫీజు కట్టడం, పట్టాభిషేకానికి బట్టలు పెట్టడం, గురువుల పుట్టినరోజులకు కార్డులు పంపడం, బిడ్డను ఇచ్చిన తల్లిదండ్రులకు ఏటా సన్మానం చేయడం. ఉద్దేశం మంచిదేనని అందరూ తలలూపారు. నేను ఊపలేదు. ఎందుకో అక్కడ రెండు నిమిషాల్లో చెప్పే వీలు లేక ఇక్కడ రాస్తున్నాను.

ముందు సెర్రా అంటే ఏమిటో చెప్పాలి. 1935లో అమెరికాలోని సియాటిల్ నగరంలో కొందరు కథోలిక వ్యాపారస్తులు మొదలుపెట్టిన క్లబ్బు అది. పద్ధతి రోటరీ క్లబ్బుది: నెలకు రెండుసార్లు కలవడం, కలిసి భోంచేయడం, ఒక ఉపన్యాసం. పని మాత్రం గురుత్వానికీ మఠజీవితానికీ మనుషులు వచ్చేలా చూడటం, వచ్చినవాళ్ళను నిలబెట్టడం. 1951లో వాటికన్‌లోని గురు పిలుపుల విభాగానికి అనుబంధమైంది. ఇప్పుడు అనేక దేశాల్లో శాఖలున్నాయి, ఇండియాలోనూ ఉన్నాయి. డబ్బూ హోదా ఉన్న గృహస్థులు, డబ్బు లేని కుర్రాడిని గురువుగా నిలబెట్టడం దీని నమూనా. సియాటిల్‌లో ఇది దాతృత్వం కావచ్చు. కులం ఉన్న దేశంలో మాత్రం ఇచ్చే చెయ్యి ఎవరిది, చాచే చెయ్యి ఎవరిది అని అడగకుండా ఏ దానం గురించీ మాట్లాడలేం. అలా అడగడం మనకు నేర్పింది బాబాసాహెబ్.

ఇక అసలు లెక్కలోకి వద్దాం.

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్థుడు కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులూ ముస్లింలూ ఈ రోజుకీ బయటే. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను, వాళ్ళ సంతానాన్ని బీసీ-సీ గ్రూపులో పెట్టారు. ఆ గ్రూపు కోటా ఒక్క శాతం. ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం లేదు, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం లేదు. 1977 నాటి జీవో 341 కొన్ని రాయితీలు ఇచ్చిందిగానీ చట్టబద్ధమైన హక్కుల జోలికి పోలేదు.

మరి మా పల్లెల్లో ఇన్నాళ్ళూ ఎలా బతికారు? అందరికీ తెలిసిందే, ఎవరూ పైకి అనరు. గుడి రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. ఆదివారం జపమాల, సోమవారం ఎమ్మార్వో ఆఫీసులో హిందూ-మాల, హిందూ-మాదిగ సర్టిఫికెట్. దీన్ని మోసం అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. జ్ఞానస్నానం తీసుకున్నంత మాత్రాన ఊరి బావి దగ్గర, హోటల్ గ్లాసు దగ్గర, శ్మశానం దగ్గర కులం పోయిందా అని వాళ్ళను ఎవరూ అడగరు. కులాన్ని మోయడానికి మతం అడ్డు రాదు, కులం మోసినందుకు దక్కాల్సిన రక్షణకు మాత్రం అడ్డొస్తుంది. నేను ఏ సర్టిఫికెట్ మీద చదువుకున్నానో ఈ వ్యాసంలో రాయను. ఆ ఒక్క వాక్యం రాయడానికి ఎంత ఆలోచించాల్సి వచ్చిందో చదివే దళిత క్రైస్తవులకు చెప్పక్కర్లేదు.

ఈ సందులో గుట్టుగా బతుకుతున్న ఇంటికి వచ్చి, మీ బిడ్డను దేవుడికి ఇవ్వండి అంటున్నారు. ఇస్తే ఏమవుతుంది?

కానన్ చట్టం 241వ సూత్రం ప్రకారం సెమినరీలో చేరేవాడు జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం పొందినట్టు పత్రాలు చూపించాలి. 535వ సూత్రం ప్రకారం అతను గురుపట్టం పొందిన సంగతిని పుట్టిన విచారణలోని జ్ఞానస్నాన రిజిస్టరులో రాయాలి. అంటే ఇన్నాళ్ళూ బీరువాలో ఉన్న విషయం ఇప్పుడు సంతకాలతో, ముద్రలతో కాగితమైంది. ఆ తర్వాత ఫ్లెక్సీ. పట్టాభిషేకం రోజున ఊరి మొదట్లో తండ్రి పేరు, తాత పేరు, అన్నదమ్ముల ఫోటోలతో నిలువెత్తు ఫ్లెక్సీ కడతారు. ఫాదర్ గారి చెల్లెలు రేపు టీచర్ పోస్టుకు దరఖాస్తు చేసుకుంటే, ఎవడో గిట్టనివాడు ఆ ఫ్లెక్సీ ఫోటో తీసి కలెక్టరుకు అర్జీ పెడితే చాలు.

ఇది ఊహ అనుకునేవాళ్ళు 2025 ఏప్రిల్ చివర్లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇచ్చిన తీర్పు చదవండి. గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక పాస్టర్, తనను కులం పేరుతో దూషించి కొట్టారని అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టాడు. అతని దగ్గర ఎస్సీ సర్టిఫికెట్ ఉంది, ఎవరూ రద్దు చేయలేదు. కోర్టు కేసు కొట్టేసింది. ఏళ్ళ తరబడి పాస్టరుగా ఉన్నవాడు క్రైస్తవుడే, క్రైస్తవుడు ఎస్సీ కాడు, సర్టిఫికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన చట్టం వర్తించదు అంది. అతను ప్రొటెస్టెంటు, మనం కథోలికులం అని నిశ్చింతగా ఉండకండి. ఆ తర్కంలో అతన్ని పట్టించింది అతని విశ్వాసం కాదు, అతని వృత్తి. ఆదివారం వెనక బల్లమీద కూర్చున్న భక్తుడిని పట్టుకోవడం కష్టం. పీఠం దగ్గర నిలబడ్డవాడిని పట్టుకోవడం చాలా తేలిక. పిలుపు వింటే దళితుడు ముందు పోగొట్టుకునేది తనను కొట్టినవాడి మీద కేసు పెట్టే హక్కు.

ఇప్పుడు అదే విచారణలో ఒక రెడ్డి కథోలిక ఇంటిని చూద్దాం. ఫిరంగిపురం, రెంటచింతల వైపు ఇలాంటి కుటుంబాలు చాలా ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి జెస్విట్లు నడిపిన కర్నాటక మిషన్ కాలంలో కథోలికులైన రెడ్లు, కమ్మల వారసులు. మాలమాదిగలు గుంపులుగా చేరింది ఆ తర్వాత శతాబ్దం చివర్లో, మిల్‌హిల్ మిషనరీల కాలం నుంచి. అప్పటికే గుడి వాళ్ళది, ముందు వరస వాళ్ళది. ఆ రెడ్డి ఇంటి కొడుకు గురువైతే ఆ ఇంటికి ఏం పోతుంది? ఏమీ పోదు. ఓసీ ఓసీగానే ఉంటాడు. భూమి భూమిగానే ఉంటుంది. పైగా 2019లో 103వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పది శాతం ఈడబ్ల్యూఎస్ కోటాకు మతం అడ్డు కాదు. ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఆదాయమని కాగితం చూపిస్తే, అన్న ఫాదరైనా తమ్ముడు దర్జాగా ఆ కోటాలో సీటు తెచ్చుకోవచ్చు. కేరళ సిరియన్ క్రైస్తవుడికీ ఇంతే. ఈ దేశంలో సవర్ణుడి పేదరికానికి మతం లేదు, దళితుడి అంటరానితనానికి మాత్రం మతం ఉండాలట.

ఒకే పీఠం, ఒకే పట్టం, ఒకే అభిషేకం. ఒక ఇంటికి అది గౌరవం మీద గౌరవం. ఇంకో ఇంటికి గౌరవం వచ్చిన రోజే హక్కు పోతుంది. సన్మానసభలో ఇద్దరు తల్లులకూ ఒకే శాలువా కప్పుతారు.

ఈ మాట అంటే వెంటనే వచ్చే జవాబు నాకు తెలుసు. మన కార్డినల్‌ను చూడలేదా అంటారు. చూశాను. ఆయనది కర్నూలు జిల్లా. పేదరికం వల్ల ఏడో తరగతితో బడి మానేయాల్సి వచ్చిన పిల్లవాడు, మిషనరీలు మళ్ళీ చదివించారు, 1992లో గురువయ్యాడు, 2008లో కర్నూలు పీఠాధిపతి, 2020లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి. 2022 ఆగస్టు 27న ఆంథోనీ పూలను కార్డినల్ చేసినప్పుడు, దళితుల్లోంచి మొదటి కార్డినల్ అని తెలిసి నేను హాస్టల్ గదిలో స్వీట్లు పంచాను. పక్క గదిలోని అంబేడ్కరైట్ మిత్రుడు, నువ్వింకా పోపు దగ్గరే ఉన్నావా అని ఎగతాళి చేశాడు కూడా. 2025 మేలో కొత్త పోపును ఎన్నుకున్న గదిలో మన పల్లె బిడ్డ కూర్చున్నాడు. అది చిన్న విషయం కాదు, తక్కువ చేయను.

అయితే లెక్క అక్కడ ఆగదు. 2016 డిసెంబరులో ఇదే ఢిల్లీలో భారత కథోలిక పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారత విధానం పేరుతో ఒక పత్రం విడుదల చేసింది. దేశంలోని సుమారు కోటీ తొంభై లక్షల కథోలికుల్లో కోటీ ఇరవై లక్షలమంది దళితులని, దళిత పీఠాధిపతులు మాత్రం పన్నెండుమందేనని ఒప్పుకుంది. మిగతా పీఠాలు ఎవరివో వేరే చెప్పనక్కర్లేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో కడప పీఠాధిపతి, దళితుడైన గల్లెల ప్రసాద్‌ను దారికాచి కిడ్నాప్ చేసి కొట్టారు. ఆ కేసులో అరెస్టయినవాళ్ళలో ఆయన కింద పనిచేసే గురువులూ ఉన్నారు. దేవుడు పిలిచాడని నమ్మి పీఠం దాకా ఎక్కిన దళితుడి పరిస్థితి అది. దైవపిలుపుల క్లబ్బు ప్రార్థన కార్డుల్లో ఈ సంగతి ఎక్కడ రాస్తారు?

పైకి వచ్చినవాళ్ళ సంగతి సరే. మధ్యలో బయటికొచ్చినవాళ్ళ మాటేమిటి? మా పెదనాన్న కొడుకు పదో తరగతి తర్వాత ఒక మేత్రాసనం సెమినరీకి వెళ్ళాడు. ఏ మేత్రాసనమో అనవసరం. ఆ ఏడు ఇంటర్ ఫీజు కట్టే దారి లేదు, సెమినరీలో చదువూ తిండీ ఉచితం. అది దేవుడి పిలుపా, ఫీజు లేని బడి పిలుపా అని అన్నయ్యను అడిగితే, అప్పుడు రెండూ ఒకేలా వినిపించాయిరా అన్నాడు. ఎనిమిదేళ్ళున్నాడు. తత్వశాస్త్రం చదివాడు, లాటిన్ ప్రార్థనలు వచ్చు, కీబోర్డు వాయిస్తాడు. తొమ్మిదో ఏడు సెలవులకు వచ్చినప్పుడు, ఇక రానవసరం లేదని ఉత్తరం వచ్చింది. కారణం రాయలేదు. అతని తత్వశాస్త్రం చదువుకు యూనివర్సిటీ డిగ్రీ లేదు. అతన్ని దత్తత తీసుకున్న దాతల కుటుంబం డ్రాయింగ్ రూంలో ఉన్న ఫోటో తీసేసింది. ఊళ్ళో మాత్రం పేరు మిగిలిపోయింది, తిరిగొచ్చిన ఫాదరు. అతనికి ఇప్పుడు ఎస్సీ సర్టిఫికెట్ ఇవ్వడానికి వీఆర్వో ఒప్పుకోడు, ఊరంతా అతన్ని తెల్లంగీలో చూసింది మరి. మార్కాపురం వైపు ఒక ప్రైవేటు స్కూల్లో పాటలు నేర్పుతున్నాడు. దైవపిలుపుల సంఘాలు ఎవరిని నిలబెట్టాయో లెక్క చెప్తాయి. నేలమీద వదిలేసినవాళ్ళ లెక్క చెప్పిన సంఘాన్ని నేను చూడలేదు.

సిస్టర్ల గురించి ఒక్క మాట. మా పల్లెల నుంచి మఠాలకు వెళ్ళిన ఆడపిల్లలు ఢిల్లీ చుట్టుపక్కల ఆస్పత్రుల్లో, హాస్టళ్ళలో, వంటశాలల్లో ఎంతమంది కనిపిస్తారో ఇక్కడి తెలుగు పూజకు ఒకసారి వస్తే తెలుస్తుంది. ఎవరు ప్రిన్సిపాల్ అవుతారు, ఎవరు వంటగదిలో ఉండిపోతారు అన్నది మఠంలో కూడా ఇంటిపేరుతోనే తేలుతోందని వాళ్ళే చెప్పారు. ఇంతకుమించి రాస్తే వాళ్ళకు ఇబ్బంది.

ఇక ఆ పేరు. హునీపెరో సెర్రా పద్దెనిమిదో శతాబ్దపు స్పానిష్ ఫ్రాన్సిస్కన్. 1769లో శాన్‌డియేగోతో మొదలుపెట్టి కాలిఫోర్నియాలో తొమ్మిది మిషన్లు స్థాపించాడు. అక్కడి మూలవాసులకు జ్ఞానస్నానం ఇచ్చారు. ఒకసారి తీసుకున్నాక మిషన్ వదిలి వెళ్ళడానికి లేదు, వెళ్తే సైనికులు పట్టుకొచ్చేవారు, కొరడా దెబ్బలు ఉండేవి. తండ్రులు బిడ్డలను దండించినట్టే ఇదీ అని సెర్రా స్వయంగా గవర్నరుకు రాసి సమర్థించుకున్నాడు. 2015లో పోపు ఫ్రాన్సిస్ ఆయన్ని పునీతుడిగా ప్రకటిస్తే, ఆ మూలవాసుల వారసులు వద్దని మొత్తుకున్నారు. 2020 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్‌లలో ఆయన విగ్రహాలను జనం పడగొట్టారు. కాలిఫోర్నియా మిషన్లలో పుట్టిన పాబ్లో టాక్ అనే కుర్రాడి గురించి క్లబ్బు పెద్దలకు చెప్పాలనుంది. లూయిసేన్యో తెగవాడు, 1822లో పుట్టాడు. గురువును చేద్దామని ఒక ఫ్రాన్సిస్కన్ అతన్నీ ఇంకో పిల్లవాడినీ రోముకు తీసుకెళ్ళాడు. అక్కడే చదువుకుంటూ తన తెగ భాషకు వ్యాకరణం రాసుకున్నాడు. రెండో పిల్లవాడు 1837లో, ఇతను 1841లో చనిపోయారు. ఇద్దరూ గురువులు కాలేదు, ఇద్దరూ ఇల్లు చేరలేదు. దైవపిలుపుల సంఘానికి పేరు పెట్టాలని అంత పట్టుదలగా ఉంటే ఆ కుర్రాడి పేరు పెట్టండి, నేనే మొదటి చందా కడతాను.

గురుత్వం ఎవరికి అన్న ప్రశ్నకు మన దగ్గర ఒక జవాబు ఎప్పుడో ఉంది. 1936లో కులనిర్మూలన ప్రసంగంలో బాబాసాహెబ్ హిందువుల గురించి చెబుతూ, పౌరోహిత్యం వంశపారంపర్యం కాకూడదనీ, ప్రభుత్వం పరీక్ష పెట్టి పాసైనవాడికి సనదు ఇవ్వాలనీ, ఎంతమంది కావాలో చట్టమే తేల్చాలనీ అన్నాడు. పూజారి పదవిని ఆకాశం నుంచి దించి ఉద్యోగంగా చూశాడు. మన చర్చి పిలుపు అనే మాట చాటున ఆ పదవిని మళ్ళీ ఆకాశంలో పెట్టింది. పిలుపు దేవుడిదైతే ఎంపిక కమిటీలో ఎవరున్నారని అడగడం పాపం. సిఫార్సు ఉత్తరం ఎవరు రాశారని అడగడం అవిశ్వాసం. బాబాసాహెబ్ 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ పెట్టి, మరుసటి ఏడు సిద్ధార్థ కాలేజీ తెరిచాడు. చదువుకున్నాక భిక్షువు కావాలని ఎవరికీ షరతు పెట్టలేదు.

క్లబ్బు పెట్టాలనుకునే పెద్దలను, మీలో కొందరు నాకు బాబాయిలు, అత్తలు అవుతారు, కోపం లేకుండానే అడుగుతున్నాను. ఆ డబ్బు మా పల్లెల పిల్లలకే ఇవ్వండి, కానీ సెమినరీ గేటు దాకా వస్తేనే అని మెలిక పెట్టొద్దు. నర్సింగ్ చదివినా, లా చదివినా, చర్చి మానేసినా ఇవ్వండి. సెమినరీ నుంచి బయటికొచ్చిన మా అన్నయ్యలాంటివాళ్ళు డిగ్రీ పూర్తి చేయడానికి మొదటి ఏడు డబ్బంతా ఖర్చు పెట్టండి. మీరు సాయం చేసే మేత్రాసనాన్ని ఒక్క కాగితం అడగండి: ఎంతమంది దళిత కుర్రాళ్ళు చేరారు, ఎంతమందికి పట్టం దక్కింది, ఎంతమందిని ఏ కారణంతో పంపేశారు. ఆ కాగితం ఇవ్వని మేత్రాసనానికి రూపాయి కూడా ఇవ్వొద్దు. ఇక ఆగస్టు 10న జంతర్ మంతర్‌కు రండి. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకు మతంతో ముడి తీసేయమంది. 2004లో సుప్రీంకోర్టుకు వెళ్ళిన పిటిషన్లు ఇరవై ఏళ్ళు దాటినా తేలలేదు. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేసి మళ్ళీ మొదటికి తెచ్చారు. 2013 డిసెంబర్ 11న పార్లమెంటు వైపు నడిచిన దళిత క్రైస్తవుల మీద ఢిల్లీ పోలీసులు నీటి ఫిరంగులు, లాఠీలు వాడారు. అగ్రపీఠాధిపతి అనిల్ కూటోను, సిస్టర్లను కూడా పట్టుకెళ్ళారు. ఆ రోజు దెబ్బలు తిన్న సిస్టర్లకు ఏ క్లబ్బూ శాలువా కప్పిన జాడ నాకు కనపడలేదు.

మొన్న పంచిన ఫారంలో పేరు, వృత్తి, ఏడాదికి ఎంత ఇవ్వగలరు, ఏ విచారణ అని నాలుగు గడులున్నాయి. నేను అవి నింపలేదు. వెనక వైపు తిప్పి, మీరు పంపే కుర్రాడి చెల్లెలి సర్టిఫికెట్‌కు ఎవరు పూచీ అని రాసి ఇచ్చాను. వచ్చే నెల రెండో ఆదివారం మీటింగులో మాట్లాడదాం అన్నారు. వెళ్తున్నాను.